కాటాకు అందని నీళ్లు

నమోదు 1

ఊరందరి బరువూ చూసే ఉద్యోగం నాది. ఇక మీదట నా బరువు, నడుము చుట్టుకొలత, రోజుకు ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లానో నేనే రాసిపెట్టాలని డాక్టర్ స్వరాజ్యం హుకుం జారీ చేసింది. అంకెలు చాలంది. అంకెలతో ఊరుకునే మనిషినైతే ఇన్నేళ్లు కాటా దగ్గర నిలబడి ఇంతమందితో నోరు పారేసుకునేదాన్నే కాదు. కాబట్టి అన్నీ రాస్తాను. ఓపిక ఉంటే ఆవిడే చదువుకుంటుంది.

ఇవాళ మొదటి సూది. నా మొగుడు రాజేశం వేశాడు. కొలిమిలో ఎర్రగా కాగిన ఇనుమును పటకారుతో పట్టుకుని జోకులేసే మనిషికి, నా పొట్ట మీద వెంట్రుకంత సూది పెట్టేసరికి చెమటలు పోశాయి. చివరికి అతని మణికట్టు నేనే పట్టుకుని గుచ్చించుకున్నాను. గుచ్చాక నాకంటే ముందు అతనే కుర్చీలో కూలబడ్డాడు.

మా వంతు రావడానికి ఆరేళ్లు పట్టింది. ఈ బండలో కడుపు పండటం కష్టం. ఆకాశంలో గిరగిరా తిరుగుతున్న రాతి కడుపులో బతుకుతున్నాం కదా, తిరుగుడు వల్లనో, రాతిని తూట్లు పొడిచి వచ్చే కిరణాల వల్లనో, కారణం ఎవరూ తేల్చలేదు. అందుకే ఆసుపత్రిలో గుడ్లు తీసి, బయట బీజం కలిపి, మళ్లీ కడుపులో పెడతారు. ఒక్కో జంటకు ఒక్కో వంతు. వంతు మధ్యలో ఆగిపోతే మళ్లీ వరుసలో చిట్టచివరికి వెళ్లాలి. నాకు ముప్ఫై ఏడు. ముప్ఫై తొమ్మిది దాటితే పేరు కొట్టేస్తారు. కాబట్టి ఇది ఆగకూడదు, అంతే.

అయితే డాక్టరమ్మ భయం వేరు. నా అండాశయాలు ఆబగా ఉన్నాయట. కాస్త మందు తగిలితే చాలు, ఒక్కసారిగా అన్నీ ఉరుకుతాయట. ఎక్కువ గుడ్లు వస్తే మంచిదే కదా అన్నాను. కాదంది. అవి మితిమీరి ఉబ్బితే రక్తనాళాలు వదులైపోయి వాటిలోని నీరు కడుపులోకి కారుతుంది. రక్తం చిక్కబడుతుంది. ఊపిరి ఆడదు. కాల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ కడితే మనిషే దక్కదు. అందుకని తక్కువ మందుతో మొదలుపెట్టింది. రోజూ ఈ అంకెలు రాయమన్నది కూడా అందుకే.

సరే, రాస్తాను. నాకు బిడ్డ కావాలి. బిడ్డను ఎత్తుకోవడానికి నేనూ ఉండాలి.

నమోదు 2

పొద్దున్న లైట్లు వెలగగానే వంటశాల గుమ్మంలో కాటా దగ్గర నిలబడ్డాను. ఒక్కొక్కరే ఎక్కడం, అంకె పడటం, పక్కనున్న కుళాయి వాళ్ల డబ్బాలోకి ఆ రోజు నీళ్లు వదలడం. మామూలు బరువుంటే మూడు లీటర్లు. మామూలుకంటే పెరిగిన ప్రతి కిలోకూ ఒక లీటరు కోత. ఎంత పెరిగినా ఒక లీటరుకంటే తగ్గించదు, అది మాత్రం దయ. కడుపుతో ఉన్నవాళ్లకు చేతికి పచ్చ పట్టీ కడతాం. వాళ్లకు కోత ఉండదు.

ఇవాళ గని నుంచి వచ్చిన ఒకాయన కిలోంబావు ఎక్కువ తూగాడు. రాత్రి పప్పు ఎక్కువ తిన్నానని కథ మొదలుపెట్టాడు. పప్పు తింటే పప్పు బరువే ఉంటుంది, నీళ్ల కథ నాకు చెప్పకు, దిగు అన్నాను. వెనకున్నవాళ్లు నవ్వారు. అతను గొణుక్కుంటూ రెండు లీటర్లతో వెళ్లాడు. నా మీద ఊరికి చాలా ప్రేమ.

ఈ కాటాను పెట్టించింది నీళ్ల కమిటీ పెద్ద ఓదెలు మామ. నేను పుట్టకముందు ఒక ఎండుకాలం వచ్చింది. మంచుగని అడుగంటింది. అప్పుడు కొందరు నీళ్ల సంచులు బట్టల కింద నడుముకు కట్టుకుని దాచారు. దాచనివాళ్లలో తొమ్మిది మంది పోయారు. వాళ్లలో మామ అక్క ఒకతె. ఆ తరవాత నుంచి మా ఊళ్లో నీళ్ల దొంగ అనే మాటను మించిన తిట్టు లేదు. కాటా మీద అంకె పెరిగితే తలెత్తుకోలేరు. అందుకే లేచిన దగ్గర్నుంచి గుక్కెడు కూడా తాగకుండా, ఒళ్లు ఎండబెట్టుకుని మరీ కాటా ఎక్కుతారు. నడక నేర్పినట్టే పిల్లలకు ఇదీ నేర్పుతారు.

మధ్యాహ్నం స్కానింగ్ జరిగింది. రెండు వైపులా కలిపి ఇరవై నాలుగు బుడగలు కనిపించాయి. ఒక్కో బుడగలో ఒక్కో గుడ్డు ఉండొచ్చట. రాజేశం ఆ సంఖ్యను కొలిమి దగ్గర అందరికీ చాటించి వచ్చాడు. వాళ్లంతా అతని చేయి పట్టుకుని ఊపారట, పంట పండినట్టు. డాక్టరమ్మ మాత్రం మొహం ముడుచుకుని మందు ఇంకా తగ్గించింది.

నమోదు 3

రక్తపరీక్షలో హార్మోను గుట్టలా పెరిగింది. డాక్టరమ్మ తలుపు వేసి మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఇక్కడితో ఆపేస్తే ప్రమాదమే లేదు, ఆలోచించుకోండి అంది. ఆపితే మేము వరుస చివరికి పోతామని ఆవిడకు తెలుసు. అందుకే ఆ మాట చెప్పేటప్పుడు నా కళ్లలోకి చూడలేదు.

"ఆపకు," అన్నాను. "ఏం చెయ్యాల్నో చెప్పు, అది చేస్త. ఏం చెయ్యొద్దో చెప్పు, అది బంద్ పెడ్త. ఆపుడు మాత్రం వద్దు."

ఆవిడ పెన్ను తీసి కాగితం ముందుకు లాక్కుంది. తన షరతులు ఒక్కొక్కటే చెప్పింది. రెండు రోజులు గుడ్లు పెంచే సూది ఆపి రక్తం శాంతించేదాకా చూడాలి. గుడ్లు పక్వానికి తెచ్చే చివరి సూది మెతక రకం వాడాలి, గట్టి రకం వాడితే కడుపులోకి నీరు దిగే ప్రమాదం ఎక్కువ. పిండాలు తయారైనా ఈ నెల కడుపులో పెట్టేది లేదు, అన్నీ గడ్డకట్టించి దాచాలి. ఎందుకంటే ఇప్పుడు కడుపు నిలిస్తే ఆ కడుపే జబ్బును పెంచుతుంది.

రాజేశానికి గడ్డకట్టించడం అస్సలు నచ్చలేదు. ఆరేళ్లు ఎదురుచూసింది బిడ్డను మంచులో పెట్టడానికా అని ఆవిడతో వాదనకు దిగాడు. డాక్టరమ్మ విసుక్కోకుండా, పిల్లలు ఆగుతారు కానీ సరోజన ఆగదు అంది. నా పేరు వినగానే నోరు మూశాడు.

ఒక్క చోట ఆవిడే కొంచెం తగ్గింది. మెతక సూది ఒక్కటే వేస్తే మన బండలో ఇద్దరికి ఒక్క గుడ్డూ రాలేదట. అందుకని గట్టి రకాన్ని చిటికెడు కలుపుతానంది. ఇంతవరకు తొమ్మిది మందికి అలా ఇచ్చిందట. ఒక్కరికి కూడా బరువు పెరగలేదట. ఆ ధైర్యంతోనే ఇస్తున్నా అంది. నేనూ ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నాను.

నమోదు 4

గుడ్లు తీశారు. పదిహేడు. మత్తు దిగాక ఆ సంఖ్య వినగానే నవ్వొచ్చింది, నవ్వితే కింద నొప్పొచ్చింది, అయినా నవ్వాను. రాజేశం ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ తిరిగి తిరిగి చెప్పు తెంపుకున్నాడట.

ఉప్పేసిన జొన్న గంజి, పెసరకట్టు బాగా తాగమంది డాక్టరమ్మ. ఉత్త నీళ్లు కాదు, ఉప్పు, పప్పు ఉన్నవే. దాహం వేసిన ప్రతిసారీ తాగు, పిసినారితనం చెయ్యకు అంది. మూడు లీటర్ల డబ్బాతోనే కదా ఆ గంజి కాచుకోవాల్సింది. 

నమోదు 5

పొద్దున్న లంగా బొందు ముడి నిన్నటి చోట పడలేదు. పొట్ట డప్పులా ఉంది. నడుము కొలత మూడు సెంటీమీటర్లు పెరిగింది.

కాటా దగ్గర పనిచేసేవాళ్లు తమ బరువు తాము చూసుకోకూడదని నియమం. నా వంతుకు ఓదెలు మామ వచ్చి నిలబడతాడు. ఎక్కాను. కిలో మీద రెండొందల గ్రాములు ఎక్కువ. కుళాయి రెండు లీటర్ల దగ్గర టక్కున ఆగింది. ఆ చప్పుడు ఎన్నివేల సార్లు విన్నానో నాకు గుర్తులేదు. నా డబ్బాలో వినడం ఇదే మొదటిసారి.

వరుసలో ఎవరూ ఏమీ అనలేదు. అనుంటే తిట్టి ఊరుకునేదాన్ని. కిలోంబావు గనిమనిషి నా వెనకే ఉన్నాడు. తల వంచుకుని తన చెప్పులు చూసుకున్నాడు. ఆ మర్యాదే నన్ను కాల్చింది.  మామ అంకె చదివాడు, రాసుకున్నాడు, తరవాతివాళ్లను పిలిచాడు. నేను రోజూ చేసే పద్ధతే అది.

సిగ్గేసింది. మందు వల్ల, జబ్బు వల్ల అని నాకు తెలుసు. తెలిసినా సిగ్గేసింది.

నమోదు 6

ఇవాళ తెలివైన పని చేశాననుకున్నాను. నిన్న మధ్యాహ్నం నుంచి గంజి ముట్టలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. పొద్దున్న కాటా ఎక్కితే ఎక్కువ కేవలం నాలుగొందల గ్రాములు. కుళాయి మూడు లీటర్లూ వదిలింది. తలెత్తుకుని నడిచాను.

డాక్టరమ్మకు ఆ బరువు చూపిస్తే సంతోషపడింది. ఆ తరవాత టేపు పట్టింది. నడుము ఇంకో నాలుగు సెంటీమీటర్లు పెరిగి ఉంది. ఆవిడ టేపును రెండోసారి చుట్టింది. మూడోసారి కూడా. తరవాత సూటిగా అడిగింది, పొద్దుటి నుంచి ఎన్నిసార్లు మూత్రానికి పోయినవని. ఒక్కసారి, అదీ టీ డికాషన్ రంగులో అన్నాను. వేలి నుంచి రక్తం తీసి చిన్న గొట్టంలో తిప్పి చూసింది. రక్తం చిక్కగా, సగం దాకా ఎర్రకణాలే.

ఆవిడ కోపంతో టేపును బల్ల మీద విసిరేసింది. ఎండబెట్టుకున్నవా అని అడిగింది. తల ఊపాను.

"నీ ఒంట్ల నీళ్లు ఉన్నయ్ సరోజనా. కానీ నీకు పనికిరాని కాడ ఉన్నయ్. కడుపుల కుండనిండ ఉన్నయ్, నరాలల్ల లేవు. నువ్వు తాగుడు బంద్ చేస్తే ఎండేది కడుపు కాదు, రక్తం."

అప్పుడు నాకు అర్థమైంది. నీళ్ల స్టేషన్‌లో ఒకసారి పెద్ద గొట్టం పగిలి నేలమాళిగ అంతా నిండిపోయింది. ఊళ్లో కుళాయిలు ఎండిపోయాయి. మొత్తం నీళ్ల లెక్క చూపే మీటరు మాత్రం నిండుగా ఉందని చూపిస్తూనే ఉంది, ఎందుకంటే చుక్క కూడా బండ దాటి పోలేదు కదా. మా కాటా కూడా ఆ మీటరు లాంటిదే. మొత్తం చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. పెరిగినవాళ్లకు కోస్తుంది. నా జబ్బులో పెరిగినవాళ్లకే ఎక్కువ పోయాలి.

రక్తం గడ్డకట్టకుండా పొట్టలో సూది వేసింది. మడమలు ఆడిస్తూ ఉండమంది. ఇంటికొచ్చి గిన్నెడు గంజి గటగటా తాగాను. రేపు కాటా ఏమంటుందో అననీ.

నమోదు 7

అంది. రెండు కిలోల ఎనిమిదొందలు ఎక్కువ. ఒకే ఒక్క లీటరు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినా ఆ సీసా కూడా మనిషి వంతులోంచే కోస్తారు. అంటే గంజికీ, సెలైన్‌కీ, నోరు పుక్కిలించడానికీ కలిపి ఒక లీటరు.

రాజేశం తన డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. కొలిమి దగ్గర పనిచేసేవాడు నీళ్లు మానేస్తే మధ్యాహ్నానికి కింద పడతాడు. తీసుకుపో అని అరిచాను. కాళ్లబేరానికి వచ్చాడు. సగానికి ఒప్పుకున్నాను, అదీ నా ముందు తను సగం తాగాకే.

డాక్టరమ్మ ఇంకో దారి చూపించింది. సొరుగులోంచి పచ్చ పట్టీ తీసింది. ఇది కట్టుకుంటే కుళాయి కొయ్యదు, వారం పది రోజుల్లో జబ్బు దానంతటదే దిగిపోతుంది, అప్పుడు తీసేద్దాం అంది. రాజేశం అప్పటికే చేయి చాచాడు.

ఆ పట్టీ కోసమే నేను ఆరేళ్లు వరుసలో ఉన్నాను. ఎంతమంది మణికట్లకు నా చేత్తో కట్టానో.  ఇప్పుడు ఉత్త కడుపుతో దాన్ని కట్టుకుని నడిస్తే ఆడవాళ్లంతా వచ్చి కౌగిలించుకుంటారు. వారం తరవాత తీసేస్తే వాళ్లే వచ్చి ఏడుస్తారు. పుట్టని బిడ్డకు పుట్టుకా చావూ రెండూ నేనే అంటగట్టాలి. నా వల్ల కాదు. నాకు ఆ పట్టీ నిజంగా కావాలి. దొంగతనంగా వద్దు.

"కాటా అబద్ధం చెప్తున్నది," అన్నాను. "దానికి తోడు నేను గూడ ఇంకో అబద్ధం చెప్పాల్నా?"

ఓదెలు మామ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. చికిత్సలో ఉన్న ఆడవాళ్లకు బరువుతో పాటు రక్తం చిక్కదనం కూడా చూడాలని, రక్తం చిక్కబడితే బరువెంతున్నా కోయకూడదని అడిగాను. డాక్టరమ్మ వివరించింది. మామ అంతా విన్నాడు. మధ్యలో ఒకసారి నా పొట్ట వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"ఇయ్యాల నీకు వదిలితే రేపు ఊరంతా ఏదో ఒక కడుపు నొప్పి చెప్పుకుంట వస్తది బిడ్డా," అన్నాడు. "మా అక్క పోయిన నాడు గూడ నడుముకు సంచులు కట్టుకున్నోళ్లు గిట్లనే చెప్పిన్రు. ఒంట్ల బాగలేదు, ఉబ్బినం అన్నరు. నమ్మినం."

 ఆ మాట వెనక ఉన్న మనిషిని నేను తిట్టలేను. కానీ చచ్చిపోవడానికి కూడా నేను సిద్ధంగా లేను. మళ్లొస్తా మామా అని చెప్పి లేచాను. లేచేటప్పుడు ఆయాసం వచ్చి గోడ పట్టుకున్నాను.

నమోదు 8

కూర్చుంటే తప్ప ఊపిరి అందడం లేదు. నాలుగు కిలోల మూడొందలు ఎక్కువ. డాక్టరమ్మ ఇక ఆగలేదు. స్కానర్‌తో చూస్తూ పొట్టలోకి సన్నటి గొట్టం పెట్టి నీరు తీసింది. గంజి తేటలా పసుపుపచ్చగా, ఆగకుండా ధారగా వచ్చింది. రెండున్నర లీటర్లు. చివరి అర లీటరు వస్తుండగా ఛాతీ నిండా ఊపిరి పీల్చాను. ఊపిరి ఇంత రుచిగా ఉంటుందని తెలియదు.

ఆసుపత్రిలో ఒంట్లోంచి తీసిన ఏ నీరైనా ఆ మనిషి పేరు మీద కాటా దగ్గర అప్పగించాలి. స్టేషన్‌లో శుద్ధిచేసి మళ్లీ ఊరికి కలుపుతారు. ఎవరు తీసుకెళ్లినా చాలు. నేనే వెళ్తానన్నాను. డాక్టరమ్మ తిట్టింది, రాజేశం బతిమాలాడు. చక్రాల కుర్చీలో తీసుకెళ్లండి, లేకపోతే పాక్కుంటూ పోతా అన్నాను. తీసుకెళ్లారు.

మధ్యాహ్నం భోజనాల వేళ. గుమ్మం నిండా జనం. రాజేశం డబ్బాను కాటా మీద పెట్టాడు. మామ అంకె చదివి రాయబోయి ఆగిపోయాడు. మూత తీసి చూశాడు. వేలు ముంచి రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు. అర్ధశతాబ్దంగా నీళ్లతో బతికిన మనిషి, జిగట తెలిసిపోయింది.

"ఇదంత ఏడికెల్లి వచ్చింది?" అని అడిగాడు.

"నా కడుపులకెల్లి మామా," అన్నాను. "సంచి కట్టుకోలే. తాగి దాచుకోలే. రక్తంలకెల్లి కారి అండ్ల పడ్డది. కాటా దీన్నే చూసి నాకు నీళ్లు బంద్ పెట్టింది. గొట్టం పగిలిననాడు ఊరికి నీళ్లు కోసినవా నువ్వు? గొట్టం అతికేదాక మంచుగనికెల్లి ట్యాంకర్లల్ల తెప్పించి పోసినవ్. నాకు గూడ అంతే చెయ్యి."

 మామ నన్ను కాటా ఎక్కమని సైగ చేశాడు. రాజేశం చంకల కింద చేతులు పెట్టి నిలబెట్టాడు. నీరు తీసినా ఇంకా కిలో ఎనిమిదొందలు ఎక్కువే. కుళాయి రెండు లీటర్ల దగ్గర ఆగబోయింది. డాక్టరమ్మ నా వేలి నుంచి చుక్క తీసి, చేతి మిషన్‌లో పెట్టి, అద్దంలో పడ్డ అంకెను మామ ముఖం ముందు పెట్టింది. రక్తంలో ఎర్రకణాలు నూటికి యాభై దాటితే నేను చేయగలిగింది ఏమీ ఉండదు, ఇప్పుడు నలభై ఎనిమిది అంది.

మామ ఆ అంకెను చూశాడు. నన్ను చూశాడు. కాటాతో సంబంధం లేకుండా నీళ్లు వదలడానికి కుళాయి పక్కన చేతితో తిప్పే మర ఒకటి ఉంది. దాన్ని తాకిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. అది తుప్పు పట్టి కదల్లేదు. రాజేశం చేయి కలిపాడు. ఇద్దరూ కలిసి తిప్పారు. నీళ్లు నా డబ్బా నిండి అంచు దాకా వచ్చేదాకా మామ చేయి తీయలేదు.

తరవాత జనం వైపు తిరిగి, ఇది నేను తెరిచిన, అడిగేటోళ్లు నన్ను అడుగుండ్రి అన్నాడు.  మామ కళ్లు తడిగా ఉన్నాయి. నాకు ఆయన అక్క పేరు కూడా తెలియదని అప్పుడు గుర్తొచ్చింది, అడిగాను. రాజవ్వ అని చెప్పాడు.

నమోదు 9

మంచం మీదే ఉన్నాను. ఉప్పు గంజి, పెసరకట్టు, చేతికి ఎక్కించే ప్రొటీన్ సీసా. ఇవాళ మూత్రం లేత రంగులో, అది కూడా అయిదుసార్లు. ఇంత గర్వంగా ఈ సంగతి రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు. నడుము తగ్గుతోంది. రక్తం పలచబడుతోంది. నెలసరి వస్తే జబ్బు పూర్తిగా దిగిపోతుందట.

పదిహేడు గుడ్లలో పదకొండు కలిశాయి. అయిదు మంచి పిండాలను గడ్డకట్టించారు. రాజేశం రోజూ ఆ గది తలుపు దాకా వెళ్లి వస్తున్నాడు. లోపలికి రానివ్వరు. అయినా వెళ్లి వస్తాడు. మంచులో పెడతారా అని పోట్లాడిన మనిషే, చల్లదనం సరిగ్గా ఉందా అని మెకానిక్‌ను దినం దినం అడుగుతున్నాడట.

సాయంత్రం వంటశాలలో పనిచేసే వనజ వచ్చింది. నిరుడు ఆమెకూ ఇదే చికిత్స జరిగింది, కడుపు నిలవలేదు. పెసరకట్టు గిన్నె పక్కన పెట్టి, దుప్పటి అంచు మడతలు పెడుతూ చెప్పింది.

"నాకు గూడ గిట్లనే ఉబ్బింది అక్కా. ఊపిరి ఆడలే. నువ్వే కాటా కాడ ఉన్నవు గద, నీళ్ల దొంగ అంటవని మూడు దినాలు ఏం తాగలే. డాక్టరమ్మకు గూడ ఆ బరువే చూపిచ్చిన."

ఆ మూడు రోజులు ఆమె కాటా ఎక్కితే అంకె చదివింది నేనే. బరువు సరిగ్గా ఉందని మెచ్చుకుని ఉంటాను కూడా.

వెంటనే డాక్టరమ్మను పిలిపించాను. వనజ మళ్లీ మొత్తం చెప్పింది. ఆవిడ ముఖంలో రక్తం దిగిపోయింది. ఆ చిటికెడు మందు ఇచ్చిన తొమ్మిది మందిని అప్పటికప్పుడే ఒక్కొక్కరినీ పిలిచి అడిగింది. ఆరుగురు ఒళ్లు ఎండబెట్టుకున్నారట. ఒకరికి కాలు నొప్పి వచ్చి నెల కుంటింది, ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ బరువు పెరగలేదన్న ధైర్యం మొత్తం ఎండిన ఒళ్ల మీద కట్టినదే. ఆవిడ నా మంచం అంచున కూర్చుంది. ఇక నుంచి నీలా ఆబగా ఉన్నవాళ్లకు ఆ చిటికెడు ఇవ్వను, గుడ్లు తక్కువొచ్చినా సరే అంది. ఒకసారి బరువు చూసి నమ్మాను, ఇక ఒక్క బరువును నమ్మను అని కూడా అంది. ఇద్దరం దాని గురించి ఏడవలేదు. పని ఉంది.

వనజ వెళ్తుంటే చేయి పట్టుకుని ఆపాను.  గిన్నె ఖాళీ చేసి ఇచ్చాను.

నమోదు 10

మళ్లీ కాటా దగ్గరికి వచ్చాను. స్టూలు వేసుకుని కూర్చోమన్నారు, కూర్చున్నాను. కమిటీ ఒప్పుకుంది. చికిత్సలో ఉన్నవాళ్లకు కాటా పక్కనే వేలి చుక్క పరీక్ష. రక్తం చిక్కగా ఉంటే ఎంత బరువున్నా కోత లేదు. మామ సంతకం అందరికంటే ముందుంది.

అయితే కాగితం మీద మారినంత తొందరగా మనుషులు మారరు. మూడో మనిషిగా శ్రీలత వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల, మొన్ననే గుడ్లు తీయించుకుంది. తన ఒళ్లు కూడా నాలాగే ఆబ అని డాక్టరమ్మ ముందే చెప్పింది. పెదాలు పగిలి ఉన్నాయి. నడక మెల్లగా ఉంది. పైట కింద పొట్టను చేత్తో అదిమి పట్టుకుంది. నన్ను చూసి నవ్వబోయింది, పెదవి పగిలిన చోట రక్తం వచ్చింది.

ఎప్పటి నుంచి తాగలేదే అన్నాను. నిన్నటి నుంచి అని గొణిగింది. అంకె పెరుగుతదేమోనని అమ్మ వద్దన్నదట.

ఒక కాలు కాటా మీద పెట్టింది. దిగమన్నాను. భయపడి దిగింది. నా డబ్బా మూత తీసి చేతికిచ్చాను. అందులో పొద్దున్నే కాచిన ఉప్పు గంజి ఉంది.

"తాగు. మొత్తం తాగు. తాగినంకనే ఎక్కు."

వెనక నుంచి ఒకాయన డ్యూటీకి ఆలస్యం అవుతోందన్నాడు. ఆలస్యం కానీ అన్నాను. వరుసంతా చూస్తుండగా ఆ పిల్ల నిలబడి గుక్క తరవాత గుక్క తాగింది. మొదట సిగ్గుపడుతూ, తరవాత ఆత్రంగా, కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా. డబ్బా అడుగున మిగిలింది కూడా వంచి తాగించాను.

అప్పుడు ఎక్కింది. మామూలుకంటే రెండు కిలోల ఒక వంద ఎక్కువ. ఆ అంకెను ఊరంతా వినేలా గట్టిగా చదివాను. చదివి, వేలి చుక్క తీసి రక్తం చిక్కగా ఉందని చూసి, చేతి మర తిప్పి, ఆమె డబ్బా అంచు దాకా నింపి ఇచ్చాను.